కుక్కపిల్లకి మా నాన్న గొంతు

2024 వేసవి. విజయనగరంలో మా మేడ మీది చిన్న గదే నా స్టూడియో. బయటి చప్పుళ్ళు రాకుండా గోడలకి బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ బొమ్మల సీరియళ్ళకి గొంతు అరువిస్తుంటాను. డబ్బింగ్ ఆర్టిస్టు అంటే జనం ఏసీ గదులు ఊహించుకుంటారు. ఊహించుకోనివ్వండి.

ఆ ఏడు ఒక జపాన్ యానిమే, అంటే అక్కడి బొమ్మల సీరియల్, వచ్చింది. ఇంట్లో నోరు విప్పని ఒక పెద్దమనిషి చనిపోయి, తన ఇంట్లోనే పెంపుడు కుక్కపిల్లగా మళ్ళీ పుడతాడు. ఇక వాగుడే వాగుడు. పెళ్ళానికి వినపడేది భౌ భౌ మాత్రమే, మాటలన్నీ చూసేవాళ్ళకే. హాస్యమంతా అందులోనే ఉంది. లిప్ సింక్, అంటే బొమ్మ నోరు కదిలినంతసేపే మన మాట ఉండాలన్న నియమం, కుక్క నోటికీ వర్తిస్తుంది.

మొదట పుస్తకాల తెలుగులో చెప్పాను. హైదరాబాదు నుంచి ఫోన్లో వింటున్న డబ్బింగ్ డైరెక్టరు నవ్వలేదు. విసుగొచ్చి మా నాన్న గొంతుతో, ఆయన ఉత్తరాంధ్ర యాసలో ఒక డైలాగు వదిలాను. డైరెక్టరు పడీ పడీ నవ్వి అదే ఖాయం చేశారు. నాన్న కొత్తవలసలో రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి, కొన్నేళ్ళ కిందట పోయారు. దగ్గరున్న గొంతే ముందు నోటికొస్తుంది, అంతకుమించి నేనేమీ ఆలోచించలేదు.

మొదటి కొన్ని ఎపిసోడ్లు నెట్‌లో వచ్చాయి. కింద కామెంట్లు చూస్తే నాకు బుర్ర తిరిగింది. కొందరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వామన్నారు. శ్రీకాకుళం నుంచి ఒకాయన, "మా బాస కుక్కకి పెడతారేటి? సినిమాల్లో నౌకర్లకి పెట్టింది సాలదా?" అని రాశారు. ఆ కిందే మళ్ళీ ఆయనే, "తరవాతిది ఎప్పుడొస్తాది?" అని అడిగారు. కోపమో సరదానో తెలియక డైరెక్టరుని అడిగాను. ఆయనకీ తెలియలేదు. మిగతా ఎపిసోడ్లకి యాస ఉంచాలో తీసేయాలో నన్నే తేల్చుకోమన్నారు.

తేల్చుకునేలోపు కొత్తవలస నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. అమ్మ మొదటి ఎపిసోడ్ చూసిందట. నవ్వలేదట, కంచం ముందు నుంచి లేచిపోయిందట. చచ్చిపోయిన తండ్రిని కుక్కని చేశానని అనుకుందేమోనని నాకు భయం పట్టుకుంది. మర్నాడు మళ్ళీ ఫోను. అమ్మ అదే ఎపిసోడ్ పెట్టుకుని కూర్చుందట, సెల్లు ఎవరికీ ఇవ్వడం లేదట. నవ్వుతోందా, ఏడుస్తోందా అని అడిగితే చెల్లెలు తనకీ తెలియడం లేదంది.

ఉండబట్టలేక రైలెక్కాను. అమ్మ వసారాలో కూర్చుని మునగాకు దూస్తోంది. తప్పయిపోయిందనీ, ఇక మీదట గొంతు మార్చేస్తాననీ గబగబా చెప్పాను. ఆకు దూస్తూనే అడిగింది:

"కూర బాగున్నాదే అంటాది గదా ఆ కుక్కపిల్ల. అది కాయితంలో ఉన్నాదా, నువ్వు కలిపినావా?"

పెళ్ళాం పెట్టిన కంచం నాకుతూ కుక్కపిల్ల అనే మాట అది. స్క్రిప్టులో ఉన్నదేనని చెప్పాను.

"అయితే గొంతు మార్సకురా. మీ నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ మాట ఒక్కపాలైనా అనలేదు."

అంతే, లేచి ఆకు కడగడానికి వెళ్ళిపోయింది. ఏడవాలో నవ్వాలో నాకూ తెలియలేదు.

మిగతావన్నీ నాన్న గొంతుతోనే పూర్తి చేశాను. నవ్వించడం వరకే నా పని, వినేవాళ్ళకి అందులో ఏం దొరుకుతుందో నాకు తెలియదని అప్పుడే అర్థమైంది. కొత్తవలస నుంచి తిరిగొచ్చిన రోజు అన్నం తింటూ, కూర బాగుందని మా ఆవిడతో అన్నాను. గరిట అలాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"ఏటయ్యిందండి మీకు?" అంది.