మా అత్తయ్య మెదడు ఫోటో

మా అత్తయ్యకు ఒకే ఒక్క పిచ్చి. కనబడినవాళ్ళందరికీ తన మెదడు చూపించడం.

నిజంగానే. స్కానింగ్ ఫిల్మును చుట్టచుట్టి చేతిసంచిలో పెట్టుకుని తిరిగేది. బస్సులో పక్కసీటావిడ ‘ఎంతవరకండీ’ అని అడిగితే చాలు, ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించేది. వెనకనుంచి ఎండ పడగానే, నల్లటి ఆకాశంలో మబ్బుతునకల్లా అత్తయ్య మెదడు తేలేది. పక్కావిడ తన స్టాపు రాకముందే దిగిపోయేది.

అత్తయ్య మా నాన్న చెల్లెలు. అమ్మ నడిపే కుట్టు దుకాణంలో కాజాలు కుట్టేది, హుక్కులు వేసేది, మిగతా సమయమంతా అమ్మతో గొడవపడేది. ఆల్జీమర్స్‌ అనే మతిమరుపు జబ్బుని ముందుగానే పసిగట్టడానికి పెద్దాసుపత్రిలో మెదళ్ళకు ఫోటోలు తీస్తున్నారు. పోల్చి చూసుకోవడానికి ఏ జబ్బూ లేనివాళ్ళు కూడా కావాలన్నారు. అత్తయ్య ఎవరికీ చెప్పకుండా వెళ్ళొచ్చింది. ‘ఈ వయసుకు చక్కగా ఉంది’ అని డాక్టరు అన్న ముక్క పట్టుకుని, ఆనాటినుంచి నేలమీద నడవడం మానేసింది.

“చూడు వదినా, ఎక్కడా ఖాళీ లేదు. గట్టిగా మీగడ కట్టినట్టుంది.”

“అయితే లోపల ఏదో ఉందన్నమాట. ఇన్నేళ్ళూ నాకు అనుమానంగానే ఉండేది,” అంది అమ్మ, పళ్ళతో దారం తెంపుతూ.

“నీదీ తీయిస్తే తెలుస్తుందిగా ఎవరిది ఎంతో.”

“నాకేం పట్టింది?”

మర్నాటికల్లా ఫిల్ము దుకాణం అద్దానికి అంటుకుని ఉంది. కోటు తొడుక్కుని చూసుకోబోయిన లాయరుగారు, తన మొహం ఉండాల్సిన చోట అత్తయ్య మెదడు చూసి కుర్చీలో కూలబడ్డారు.

“మంచినీళ్ళు తాగండి,” అంది అత్తయ్య. “అందరికీ మొదట్లో అలాగే ఉంటుంది.”

ఆ కంగారులో ఆయన గమనించలేదు కానీ, కోటుకు రెండు చేతులూ ఎడమవే. కుట్టింది అమ్మ. నిద్రలో కూడా తప్పు కుట్టని మనిషి. నవ్వేసి, విప్పి మళ్ళీ కుట్టింది. కొన్నాళ్ళకు ఒక పెళ్ళికూతురి జాకెట్టుకూ అంతే.

“ఒకసారి డాక్టరుకు చూపించుకుందామమ్మా,” అన్నాను.

“కళ్ళజోడు మార్చాలి, అంతే.”

మళ్ళీ ఆ మాట ఎత్తితే మిషను వేగం పెంచేది. సూది చప్పుడు వానలా కురిసి నా మాటలన్నీ తడిసిపోయేవి. ఆలస్యమైతే ఆ వేళ్ళలోంచి ఏమేం జారిపోతాయోనని నా భయం. డాక్టరు ఏం చెబుతాడోనని అమ్మ భయం.

అత్తయ్య మాత్రం బతిమాలలేదు. “రాకులే వదినా. నీది చిన్నదని నేనెవరికీ చెప్పనుగా,” అనేది, వచ్చిన ప్రతివాళ్ళకీ వినబడేలా.

ఒక ఉదయం అమ్మ కత్తెర టకీమని బల్లమీద పెట్టి నావైపు తిరిగింది. “పదవే. ఆ ఫోటో ఏదో నేనూ తీయించుకుంటా. దీని నోరు మూతపడాలి.”

పెద్దాసుపత్రిలో అమ్మ స్కానింగు మిషను తెల్లటి సొరంగంలోకి వెళ్ళింది. బయట వరండాలో అత్తయ్య వాచ్‌మన్‌కు ఫిల్ము చూపిస్తోంది. అద్దం ఇవతల మిషను నడిపే అమ్మాయి నన్నడిగింది.

“లోపలున్నావిడేనా, వదినగారు?”

“మీకెలా తెలుసు?”

“ఆవిడ మాకు బాగా గుర్తండి,” అంది వరండావైపు చూపిస్తూ. “లోపలికి పంపగానే ఆపమని గంట నొక్కేసేవారు. చెమటలు పట్టి బయటకొచ్చి, కాసేపు కూర్చుని మళ్ళీ పడుకునేవారు. వద్దులెండమ్మా, ఇంకెవరినైనా చూసుకుంటాం అంటే వినరే. ‘మా వదిన చేతులు తప్పు కుడుతున్నాయమ్మా, ఇంట్లో ఇంకా ఎవరూ గమనించలేదు. దాన్ని ఇక్కడికి తేవాలి. భయమేం లేదని చెప్పాలంటే ముందు నేను చూడాలిగా’ అన్నారు.”

నేను వరండాలోకి చూశాను. వాచ్‌మన్ బుద్ధిగా తలూపుతున్నాడు.

మిగతా పరీక్షలూ అయ్యాక డాక్టరు చెప్పాడు: జ్ఞాపకాలుండే చోట మెదడు కొద్దిగా కుంచించుకుపోయింది, ఆల్జీమర్స్ తొలిదశ. పూర్తిగా ఆపే మందు లేదు కానీ, జబ్బు వేగం తగ్గించే వీలుంది. ముందే దొరికింది కనక అన్నీ ఆవిడ ఇష్టప్రకారమే అమర్చుకోవచ్చు.

అమ్మ ఇష్టమల్లా మిషను ముందు కూర్చోవడమే. ఇప్పుడు అత్తయ్య కుట్టాల్సిన ప్రతి చేతి ముక్క మీదా సుద్దతో కుడి, ఎడమ అని రాసి అందిస్తుంది. గుడ్డంతా ఖరాబు చేశావని అమ్మ తిడుతుంది. దుకాణం యథాప్రకారం మోగుతూనే ఉంది.

మొన్న అమ్మ ఉన్నట్టుండి కాలు ఆపింది. “ఏమే, రేపెప్పుడైనా నిన్నే మర్చిపోతే?”

అత్తయ్య కాజా మీదనుంచి తలెత్తలేదు. “మరీ మంచిది. కొత్తగా పరిచయం చేసుకుంటా. ఈసారి మాత్రం ఆడపడుచునని చెప్పను.”

“చెప్పక్కర్లేదు,” అంది అమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. “నోరు తెరిస్తే తెలిసిపోతుంది.”