దండం పెట్టిన ఇంట్లో ట్యూషన్

సైన్యం గద్దెనెక్కిన ఏడాది సర్కారు బడిలో లెక్కలు చెప్పడం మానేసి నేనూ సమ్మెలోకి దిగాను. జీతం ఆగింది. ఇంటర్నెట్టు కోసేశారు. దానికి తోడు కరోనా జబ్బు భయం. రంగూన్‌లో ఎవరి వీధిలో వాళ్ళు బందీలైపోయారు. పజుండౌంగ్ పేటలో మా అద్దె గదిలో నేనూ, మా అత్తగారూ. ఇకపై బుద్ధిగా ఉంటామని సంతకం పెడితే బడిలోకి మళ్ళీ తీసుకుంటామని కబురొచ్చింది.

"అందరూ ఎట్టేస్తన్నారు. నీకొక్కదానికేటి అంత పౌరుషం?" అనేది ఆవిడ.

ట్యూషన్లు దొరికితే సంతకం పెట్టక్కర్లేదు. అదీ నా లెక్క. చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో సగం మంది నా చేతి దెబ్బలు తిన్నవాళ్ళే, నాకు పిల్లలు దొరక్కపోతారా అని ధీమా. ఆ ధీమాతోనే వీధి మొదట్నుంచి శిష్యుల్ని పేరు పెట్టి కేకేసుకుంటూ వెళ్ళేదాన్ని.

ఎక్కడికెళ్ళినా ఒకటే తంతు. పాత శిష్యుడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మోకరిల్లి, నుదురు నేలకానించి దండం పెడతాడు. బర్మావాళ్ళ దగ్గర నేర్చుకున్న ఆ మర్యాదని మనవాళ్ళు వాళ్ళకంటే గట్టిగా పట్టుకున్నారు. తర్వాత నూనె డబ్బానో, లుంగీ గుడ్డో చేతిలో పెట్టి గబగబా సాగనంపుతాడు. అంత దండం పెట్టినవాడు 'నెలకింత ఇస్తాను, రేపట్నుంచి రా' అని ఎలా అంటాడు? నాకూ నోరు పెగిలేది కాదు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నూనె డబ్బా మాత్రం వదిలేదాన్ని కాదు.

చివరికి మింగళ తౌంగ్‌న్యున్ పేటలో కిరాణా కొట్టు నడిపే శిష్యుడొకడు మిగిలాడు. బడి లేక వాడి కూతురు ఇంట్లోనే ఉందని విన్నాను. అక్కడా కాకపోతే ఇక సంతకమే. అడిగే తీరాలని వెళ్ళాను. మామూలుగానే దండం పెట్టాడు, బియ్యం సంచీ తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

"బియ్యం వద్దురా. మీ పాపకి లెక్కలు చెప్తాను, జీతం ఇయ్యి," అన్నాను.

"మీకు నాను జీతమిచ్చేదేటి సయామా? పాపం సుట్టుకోదా?" అన్నాడు. ఇక్కడ పంతులమ్మని సయామా అనే పిలుస్తారు.

"చుట్టుకుంటే నాకు చుట్టుకుంటుందిలే. రేపట్నుంచి వస్తాను."

వాడు లేచి వీధి తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు.

"సమ్మె సేసినోళ్ళని రానిస్తే మా పేర్లూ రాసీసుకుంటారు సయామా. ఎదురింటాయన వార్డాఫీసు మనిషి, మిలట్రీకి అన్నీ సెప్పీస్తాడు. మీరు రోజూ వస్తే కొట్టూ ఉండదు, నానూ ఉండను."

అన్ని ఇళ్ళలో ఆ దండాలు ఎందుకంత గబగబా ముగిసేవో అప్పుడు బోధపడింది. వాళ్ళ మీద కోపం రాలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతుకుతున్నవాళ్ళని నేను నడివీధిలో పేరు పెట్టి పిలిచాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎనక సందులోంచి వెల్లండి సయామా," అన్నాడు, నా మొహం చూడకుండా.

సంచీ ఎత్తుకున్నాను. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి మరి.

వెనక సందులో వాడి కూతురు బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి చేతులు కట్టుకుని ఒదిగి నిలబడింది.

"సయామా, నాకు సదువు సెప్పడానికి వచ్చినారేటి?" అని అడిగింది.

"కాదమ్మా," అన్నాను. "బియ్యానికి వచ్చాను."