మూడు మందుల చీటీ

చిలకలూరిపేటలో ఆ పాత పురుగుమందుల కొట్టు ముందు బస్సు ఆగితే, వాసనకు మా పత్తిచేను గుర్తొస్తుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్నకు చదువు రాదు కాబట్టి, రేడియోలో రైతుల కార్యక్రమం విని మందుల పేర్లు రాయడం నా పని. ఆరోజు నంబర్లు వేసి మూడు రాశాను. వాటిలో ఏదో ఒకటే కొట్టాలని కూడా చెప్పారు. అది మందు పేరు కాదు కదా అని వదిలేశాను.

నాన్న ఆ చీటీ చూపించి ఈ కొట్లోనే మూడూ కొని, ఒకే డ్రమ్ములో కలిపి కొట్టాడు. నాలుగో రోజుకు చేనంతా మాడిపోయింది.

"ఏరా, రేడియోలో మూడూ చెప్పారా?"

"మూడూ చెప్పారు నాన్నా."

"అయితే కొట్టువాడే కల్తీ మందు అంటగట్టాడు."

నిజమే చెప్పాననుకున్నాను. ఇప్పుడు రైతుల ఫోన్లకు పంపే సలహాలు రాసే ఉద్యోగంలో, 'ఏదో ఒకటే' అని ముందు రాశాకే పేర్లు రాస్తాను. నాన్న ఆ కొట్టు మెట్టు ఇప్పటికీ ఎక్కడు.