బుట్టల లారీ

అండమాన్‌లోని వండూర్‌లో సూరయ్య పెరటి మీదుగా గాలి వీచిందంటే సొరచేప నూనె వాసన గుప్పుమంటుంది. తుక్కులోంచి తెచ్చుకున్న పాత లారీని అతను ఏళ్ల తరబడి బాగుచేస్తున్నాడు. వేట నుంచి రాగానే వల ఆరేసి, నావకు పూసినట్టే లారీ చెక్కలకు ఆ నూనె పూస్తాడు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టకుండా తుడుస్తాడు. పొడవాటి బోనెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడతాడు. "సూరయ్య భయ్యా, యే లారీ హై యా నావ?" అంటూ, ఇది లారీయో నావో చెప్పమని పక్కింటి మంజు ముక్కు మూసుకుని నవ్వితే తనూ నవ్వుతాడు. ఒకప్పుడు ఊరి ఆడవాళ్లు చేపల బుట్టలతో పోర్ట్‌బ్లెయర్ బజారుకు వెళ్లింది ఈ లారీలోనే. వాళ్లలో అతని తల్లి గురమ్మ ఒకతె.

మొన్న ఆదివారం ఇంజను పలికింది. సూరయ్య ముసలి తల్లిని చెయ్యి పట్టి తీసుకొచ్చి, కొత్తగా కుట్టించిన మెత్తటి సీటు చూపించాడు. "ముందు కూకో అమ్మా. నీకోసమే సేయించాను." గురమ్మ సీటు వైపు చూడనైనా లేదు. నేరుగా లారీ వెనక్కి నడిచి, చెక్క పట్టుకుని కాలెత్తింది. "నాను ముందు కూకుంటే బుట్టలెవుడు సూస్తాడ్రా?" సూరయ్య ఆమెను ఎత్తి వెనకే కూర్చోబెట్టాడు. ఇంట్లోంచి ఒక ఖాళీ బుట్ట తెచ్చి ఆమె పక్కన పెట్టి, బండి మెల్లగా పోనిచ్చాడు.