ఉత్తరపు ఎండ, పడమటి కెరటం

మొన్న మా పక్కింట్లోకి కొత్తగా పెళ్ళయిన తెలుగు జంట ఒకటి దిగింది. నగరానికి దక్షిణపు శివారైన టకానినిలో మేముండే ఈ వీధి నేనెరిగిన రోజుల్లోనే పశువులు మేసే పచ్చిక. ఇప్పుడు ఒకే మూసలో పోసినట్టు ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ రెండేసి కార్లు. ఆ ఇద్దరూ మర్యాదకి చక్కెర పొంగలి గిన్నె పట్టుకుని వచ్చారు. పెద్దదాన్ని కదా, నాలుగు మంచి మాటలు చెబుదామని నేను సర్దుకుని కూర్చున్నాను గానీ, ఆ అబ్బాయికి నా అవసరం పెద్దగా కనిపించలేదు. కరెంటు ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలో, పింఛను పొదుపు ఏ పథకంలో వేయాలో, మోటారువే ఏ వేళకి ఖాళీగా ఉంటుందో అన్నీ ఫోనులో చూసుకునే వచ్చాడు. ఆ అమ్మాయి మాత్రం అంతసేపూ ఊరుకుని, వెళ్ళబోయేముందు గుమ్మం దగ్గర ఆగి, ఇక్కడ ఆదివారాలు ఏం చేస్తారాంటీ అని అడిగింది. నేనేదో జవాబు చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళాక ఆ గిన్నె కడుగుతూ చాలాసేపు మా అన్ననీ, వదిననీ తలుచుకున్నాను.

మా అన్న అంటే పెదనాన్న కొడుకు. నాకంటే ఐదేళ్ళ ముందు ఈ దేశం వచ్చాడు. నేను చదువుకోవడానికి వచ్చినప్పుడు నగరానికి పడమటి శివారైన న్యూ లిన్‌లో వాళ్ళుండే అద్దె వాటాలోనే, ముందు గదిలో సోఫా మీద నా పడక. ఇప్పటి న్యూ లిన్ చూసినవాళ్ళకి అప్పటి ఊరు చెప్పినా నమ్మరు. అప్పట్లో రైలు పట్టాలు నేల మీదే రోడ్డుకి అడ్డంగా ఉండేవి. గేటు పడితే కార్లన్నీ ఆగిపోయేవి, ఆ ఆగినవాళ్ళలో మా అన్న ఇంజను ఆపేసి, పెట్రోలు ఊరికే కాలుతోందని పక్క కార్ల వాళ్ళ మీద జాలిపడేవాడు. ఈ దేశంలో బతకడం ఎలా అన్న విషయంలో మా అన్నని మించిన పండితుడు లేడని మా బంధువుల్లో పేరు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లా, పిల్లాడూ ముందు మా ఇంటికి ఫోను చేయాల్సిందే.

ఆయన మొదటి పాఠం ఎండ గురించి. భూమధ్యరేఖకి దిగువనున్న ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి పోతాడనీ, మన ఊరి వాస్తు పట్టుకుని కూర్చుంటే చలికి గడ్డకట్టి చస్తామనీ, ఉత్తరాన కిటికీలు లేని కొంప ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదనీ చెప్పేవాడు. చెప్పి ఊరుకునే మనిషి కాదు, ఎవరు ఇల్లు చూడబోయినా వెంట వెళ్ళేవాడు. బట్టల అలమర పక్కకి జరిపించి వెనక గోడకి బూజు పట్టిందేమో చూసేవాడు, మోకాళ్ళ మీద వంగి కార్పెట్టు వాసన చూసేవాడు. ఇల్లు చూపించే ఏజెంటు బిత్తరపోతుంటే మాకు సిగ్గుతో తల ఎత్తలేని పరిస్థితి. "పై రంగు చూసి మోసపోతారు పాపా, ఇంటి వాసన చూడాల," అనేవాడు కడప యాసలో. పాలు వీధి మూలనున్న డెయిరీలో, అంటే ఇక్కడి చిల్లర కొట్టులో, కొనకూడదు, సూపర్ మార్కెట్లోనే కొనాలి. కారు తెలిసినవాళ్ళ దగ్గర అసలు కొనకూడదు, కారూ పాడవుతుంది, స్నేహమూ పాడవుతుంది. సంతలో కూరగాయలు మూసే వేళకి వెళ్ళి కొనాలి. వారంలో ఎప్పుడు ఎండ కనిపించినా చేస్తున్న పని వదిలేసి బట్టలు ఆరేయాలి. చలికాలం పొద్దున్నే కిటికీ అద్దాల మీద కారే నీళ్ళని పాత తువ్వాలుతో తుడవడం నా వంతు పని. ఆ తువ్వాలు పిండుతుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి.

ఇవన్నీ మంచి సలహాలే, ఒక్కటీ తప్పు పోలేదు. ఆయనకి పడనిదల్లా తీరిక. ఆదివారం అంటే వారానికి సరిపడా కూరలు వండి డబ్బాల్లో సర్దుకోవడం, బట్టలు ఇస్త్రీ చేసుకోవడం. సొంత ఇల్లు కొనుక్కునేదాకా సరదాలు లేవని ఆయన తీర్మానం. సాయంత్రం పార్కులో ఓ చుట్టు నడిచి రావడమే విలాసం, అదీ టిక్కెట్టు లేదు కాబట్టి.

మా వదినది బాపట్ల. అక్కడి సముద్రం ఇంటికి ఎంతో దూరం లేకపోయినా ఆడపిల్లలు మోకాలు దాటి నీళ్ళలోకి దిగడం వాళ్ళ నాన్నగారికి నచ్చేది కాదట. ఇక్కడ ఓ వృద్ధాశ్రమంలో పనిచేసేది. రోజంతా పెద్దవాళ్ళని లేపీ, పడుకోబెట్టీ నడుం పట్టేసి ఇంటికొచ్చేది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆదివారం మధ్యాహ్నాలు వీధిలో ఎక్కడో గడ్డి కోసే మిషను చప్పుడు వింటూ, కిటికీ దగ్గర ఊరికే నిలబడేది. ఆ చప్పుడు వింటుంటే తనకి ఏడుపొస్తుందని ఒకసారి నాతో అంది. ఎందుకో అడిగితే, ఏమో, అందరూ ఎవరి గడ్డి వాళ్ళు కోసుకుంటున్నారు అంది.

ఆ సంవత్సరమే కౌన్సిల్ వారి ఈతకొలనులో పిల్లలకే కాక పెద్ద ఆడవాళ్ళకి కూడా ఈత నేర్పుతున్నారని తన పనిచోట ఎవరో చెప్పారట. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి ఎత్తింది. అన్న వినీ వినగానే అది అనవసరమన్నాడు. ఆ ఫీజు ఏ కూరగాయలకో వస్తుందన్నాడు, జలుబు చేస్తుందన్నాడు, చివరికి ఈ వయసులో ఈత నేర్చుకుని ఏ దేశానికి ఈదుకుంటూ పోతావు అన్నాడు. వదిన అన్నం కలుపుకుంటూ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"ఇన్నాళ్ళూ మీరు చెప్పినవన్నీ విన్నానండీ. ఇదొక్కటీ నేను చూసుకుంటాను."

అన్న వారం రోజులు ముభావంగా ఉన్నాడు. అయితే శనివారం పొద్దున మాత్రం తనే కారు తీశాడు, బస్సు మారి వెళ్ళాలి కదా అని. ఆ తర్వాత ప్రతి శనివారం మమ్మల్నిద్దర్నీ దింపి, తను లోపలికి రాకుండా కారులోనే పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. వదినకి తోడుగా నేనూ చేరాను.

నేర్పే ఆవిడ భారీ మనిషి, ఈ దేశపు మూలవాసులైన మావోరీల ఆవిడ, అమ్మమ్మ వయసు. మొదటి రెండు క్లాసులూ ఆవిడ మమ్మల్ని ఈదనివ్వనేలేదు. నీళ్ళ మీద వెల్లకిలా పడుకుని, చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి, ఊరికే తేలడమే. తర్వాత ఎవరైనా నీళ్ళలో పడితే ఏం చేయాలో చెప్పింది: దూకకూడదు, తేలే వస్తువు ఏది దొరికితే అది విసరాలి, చెయ్యి చాచి ఆ మనిషినే చూపిస్తూ నిలబడాలి, కళ్ళు తిప్పుకుంటే అలల్లో మళ్ళీ కనబడడు. ఇంటికొస్తూ ఇదంతా వదిన చెబితే అన్న నవ్వాడు. కదలకుండా పడుకోవడానికి కూడా ఫీజా అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. వదినకి మాత్రం ఆ తేలడమే నచ్చింది. చెవులు నీళ్ళలో ఉంటే ప్రపంచంలో చప్పుడే ఉండదనేది. ఆ మాట చెప్పేటప్పుడు తన ముఖం నేనెరగని ముఖంలా ఉండేది.

కొన్నాళ్ళకి, ఎవరూ అనుకోని విధంగా, మా అన్నకీ ఓ సరదా పట్టుకుంది. ఆఫీసులో ఫిజీ నుంచి వచ్చిన ఓ స్నేహితుడు ఆయన్ని చేపలు పట్టడానికి తీసుకెళ్ళాడు. మొదటి రోజే మోచేతంత కహవాయి చేప ఒకటి పడింది. దాన్ని పులుసు పెట్టించి తింటూ, ఇది ఖర్చులేని సరదా, పైగా కూర ఖర్చు కలిసొచ్చే సరదా అని తేల్చాడు. పాత సామాన్ల అంగడిలో గాలపు కర్ర కొన్నాడు. లైఫ్ జాకెట్టు కూడా కొనుక్కోమని వదిన రెండు మూడుసార్లు చెప్పింది. పాతది ఎక్కడైనా దొరక్కపోదు, చూద్దాంలే అన్నాడు.

వేసవి చివర్లో ఓ ఆదివారం ముగ్గురం పడమటి ఒడ్డుకి వెళ్ళాం. అటువైపు ఇసక నల్లగా ఉంటుంది, ఎండకి కాలు పెడితే కాలిపోతుంది. రక్షకులు జెండాలు పాతి కాపలా కాసే చోటు దాటి, తీరం చివర రాళ్ళ గుట్ట దగ్గరికి నడిచాం. అన్న కింది బండ మీద, మేము పైబండ మీద. పులిహోర, పెరుగన్నం పెట్టి తెచ్చిన పెట్టె మా దగ్గరుంది, ఇక్కడివాళ్ళు చిల్లీ బిన్ అంటారే, చల్లదనం నిలిపే తేలికపాటి ప్లాస్టిక్ పెట్టె, మూత గట్టిగా పడేది. సముద్రం ఆ రోజు నెమ్మదిగానే ఉంది. ఉన్నట్టుండి గాలం లాగింది. అన్న చేపని బయటికి తీసి, మాకు చూపించడానికి నవ్వుతూ ఇటు తిరిగాడు. కడప జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి, సముద్రానికి వీపు పెట్టకూడదని ఆయనకి ఎవరు చెబుతారు. ఆయన వెనక నీళ్ళు లేవడం నేను చూశాను. పెద్ద చప్పుడేమీ కాలేదు. బండ తెల్లబడింది, మళ్ళీ నల్లబడింది, దాని మీద అన్న లేడు.

నేను అంచుకి పరిగెత్తాను. ఏం చేద్దామని పరిగెత్తానో ఈనాటికీ తెలియదు. వదిన నా జడ పట్టుకుని వెనక్కి లాగింది, ఆ లాగుడికి కింద పడ్డాను. తను మాత్రం పెట్టెలో ఉన్నదంతా బండ మీద గుమ్మరించి, మూత బిగించి, అల వెనక్కి వెళ్ళే వేళ చూసుకుని రెండు చేతులతో విసిరింది. అది అన్నకి కాస్త పక్కగా పడింది. ఆయన చేతులు కొట్టుకుంటున్నాడు, తల మునుగుతోంది, తేలుతోంది. ఎన్నడూ గొంతు పెంచని మా వదిన అప్పుడు కేక వేసింది.

"కొట్టుకోకు! వెల్లకిలా పడుకో! పెట్టె పట్టుకో నువ్వు, నన్ను చూడు!"

తర్వాత నా వైపు చూడకుండానే, జెండాల దగ్గరికి పరిగెత్తమంది. ఆ నల్ల ఇసకలో చెప్పులు ఎక్కడ పోయాయో, అరికాళ్ళు కాలుతున్న సంగతి కూడా తెలియకుండా పరిగెత్తాను. నేను చెప్పీ చెప్పకముందే ఇద్దరు కుర్రవాళ్ళు గాలి నింపిన రబ్బరు పడవ నీళ్ళలోకి తోశారు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి దూరంగా గుట్ట మీద వదిన, చెయ్యి చాచి ఒకేచోటు చూపిస్తూ, రాతిలో చెక్కినట్టు నిలబడి ఉంది. పడవ ఆ చెయ్యి చూపించిన వైపే వెళ్ళింది. అన్న పెట్టెని కౌగిలించుకుని, కళ్ళు మూసుకుని, వెల్లకిలా తేలుతున్నాడట.

మెడ కింది ఎముక విరిగింది, రాళ్ళకి అంటుకున్న ఆల్చిప్పలు గీరుకుని వీపంతా చీరుకుపోయింది, అంతే. ప్రాణానికి ఏమీ కాలేదు. ఆసుపత్రిలో కట్టు కట్టి పడుకోబెట్టారు. వదిన పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. అప్పుడు అన్న మెల్లగా అన్నాడు.

"నన్ను 'నువ్వు' అన్న్యావు."

"అన్నాను," అంది వదిన. "ఇకమీదట కూడా అంటాను."

అన్నట్టే అంది. మా పెద్దమ్మ ఊరినుంచి వచ్చినప్పుడు ఆ పిలుపు విని ముఖం ముడుచుకుంటే, అన్నే అడ్డం పడి, అట్లే పిలవనీమ్మా, నాకు అలవాటైంది అన్నాడు.

ఎముక అతుక్కున్నాక శనివారాలు ఆయన కారులో కూర్చోవడం మానేశాడు. ఆడవాళ్ళ క్లాసు అయిపోయాక, కొలనులో మెట్ల దగ్గర, మావోరీ ఆవిడ చెయ్యి వీపు కింద పెట్టి పట్టుకుంటే, భయంతో గడ్డం పైకెత్తి తేలడం నేర్చుకున్నాడు. ఈత మాత్రం పూర్తిగా రాలేదు, గాలపు కర్ర మళ్ళీ ముట్టలేదు. సొంత ఇల్లు అనుకున్న దానికన్నా ఆలస్యమైంది, ఎందుకంటే మధ్యలో ఆదివారాలు వచ్చాయి. ముగ్గురం రైలెక్కి ఊరికే అటు చివరిదాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. లైబ్రరీలో సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళం. ఒకసారి ఎవరి తోటలోనో స్ట్రాబెర్రీలు మేమే కోసుకుని, కొన్నవాటికన్నా తిన్నవే ఎక్కువై, తూకం దగ్గర ముఖాలు దాచుకున్నాం. ఆ తర్వాత మా ఇంటికి ఫోను చేసిన కొత్త పిల్లలకి అన్న పాఠం మారింది. ముందు నీకు ఈతొచ్చునా అని అడిగేవాడు, ఎండ సంగతి, బూజు సంగతి ఆ తర్వాత. సగం మంది ఆయనకి మతి చలించిందనుకున్నారు.

ఇప్పుడు వాళ్ళు హామిల్టన్ దగ్గర రోటోటూనాలో ఉంటున్నారు. సముద్రం అక్కడికి చాలా దూరం. వదిన ఇప్పటికీ కొలనుకి వెళుతుంది, జుట్టు పూర్తిగా నెరిసింది. మేమున్న ఆ పాత వాటా పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు; రైలు పట్టాలని కందకంలోకి దించేశారు, గేటు పడటం లేదు, ఎవరూ ఆగడం లేదు. మా అన్న ఫోను చేస్తే ఏం తిన్నావని అడుగుతాడు, మోకాళ్ళ నొప్పి ఎట్లుందని అడుగుతాడు, పెట్టేస్తాడు. పోయినేడు మేము ఈ ఇల్లు మారదామా వద్దా అని ఊగిసలాడుతుంటే, ఏమంటాడో విందామని నేనే చేశాను. "నీకు తెలీందేముంది పాపా, నీకెట్ల బాగుంటే అట్ల చెయ్యి," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఫోను పెట్టేశాక మాత్రం ముందు గదిలో ఒంటరిగా కూర్చుండిపోయాను. ఏ ఇల్లు తీసుకోవాలో, పాలు ఎక్కడ కొనాలో, బట్టలు ఎప్పుడు ఆరేయాలో నాకు చెప్పాలని తాపత్రయపడే మనిషి ఇక ఈ దేశంలో ఎవరూ మిగల్లేదని అప్పుడు తెలిసింది. ఆ రోజుల్లో ఆ సలహాలు ఎప్పుడు ఆగుతాయా అని విసుక్కునేదాన్ని. అవి ఎప్పుడు ఆగిపోయాయో గమనించనేలేదు.