లేబులు గీకేసిన రికార్డు

ఎతెల్వీనా ఏం పని చేస్తుందని అడిగితే కార్తహేనా ఓడరేవులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఇరవై ఏళ్లకే ఆమె ఒలాయా పేటలో వీధికి అడ్డంగా రేకులు కట్టించి, ఇంటి గోడంత స్పీకర్ల పెట్టెను, అంటే పికోను, అద్దెకు తెచ్చి డాన్సుకు టిక్కెట్లు అమ్మింది. తరవాత పాటగాళ్లను పోగేసి రికార్డులు తీసింది. రెండు ఆడాయి, అయిదు మట్టికొట్టుకుపోయాయి. అరవై దాటాక ఇప్పుడు సినిమావాళ్లు ఆమెను సలహాదారు అంటున్నారు. ఆ రోజుల్లో కుర్రాళ్లు ఏ చొక్కాలు తొడిగేవాళ్లు, ఏ పాటకు ఏ అడుగు వేసేవాళ్లు అని అడిగితే చెబుతుంది. పార్టీల వెంట తిరుగుతున్నావని అమ్మ తిట్టిన తిట్లన్నీ ఇన్నాళ్లకు గిట్టుబాటయ్యాయని నవ్వుతుంది.

ఈసారి రాజధాని బొగొతాలోని సినిమా కంపెనీ ఒకే ఒక్క పాట అడిగింది. దాని పేరు ‘కుంటి గాడిద’. అది పేటవాళ్లు పెట్టుకున్న పేరు. పాట ఆఫ్రికాది, భాష ఎవరికీ తెలియదు. పల్లవి వాళ్ల చెవికి అలా వినబడింది, అంతే. అసలు పేరు, పాడినవాడి పేరు తెలిస్తేగానీ అనుమతి అడగలేరు. శుక్రవారంలోగా చెబితే సినిమా మొత్తానికి ఆమే సలహాదారు, లేదంటే ఇంకొకరు. పని సంగతి అలా ఉంచితే, నలభై ఏళ్లుగా తను ఆడిన పాట ఎవరిదో, దేని గురించో తెలుసుకోవాలని ఎతెల్వీనాకు ఒకటే దురద.

ఆ రికార్డు పాత పికో యజమాని తోరిబియో దగ్గర తప్ప ఎక్కడా లేదు. ఓడల వాళ్లు తెచ్చిన రికార్డు చేతికి రాగానే పికో యజమానులు బ్లేడుతో లేబులు గీకేసేవాళ్లు, పోటీవాడు పేరు చూసి ఇంకోటి తెప్పించుకోకుండా. అందరిలోకీ గట్టివాడు తోరిబియో. రమ్ము పోయించినా, ఫ్రిజ్ ఇస్తామన్నా నోరు విప్పలేదు. ఎనభై రెండేళ్ల వయసులోనూ వీధిలో డొమినో బిళ్లలాడే బల్ల దగ్గర ఆయనకు దక్కే మర్యాదంతా అందుకే.

గురువారం మధ్యాహ్నం ఎతెల్వీనా జున్ను పట్టుకుని వెళ్లింది.

"ఇంకా ఎవరికి భయం బాబాయ్? నీ పోటీవాళ్లంతా పోయారుగా!"

"పోయినోళ్లకి చెవులుండవని నీకెవరు చెప్పారే?"

"వేళాకోళం కాదు. రేపటికి చెప్పకపోతే నా పని పోద్ది. పాడినోడి పిల్లలకైనా నాలుగు రాళ్లొస్తాయి కదా!"

ముసలాయన లేచి బీరువాలోంచి రికార్డు తీసి ఇచ్చాడు. ఆమె కిటికీ దగ్గరికి పోయి అటూ ఇటూ తిప్పింది. బ్లేడు ఒక్క అక్షరం కూడా మిగల్చలేదు.

"ఒక్క ముక్కయినా గుర్తులేదా బాబాయ్?"

తోరిబియో వెళ్లి వీధి తలుపు మూశాడు.

"గుర్తుండడానికి చదివితే కదే. నాకు చదువు రాదు. అందరూ గీకుతున్నారని నేనూ గీకేశా. చెప్పనంటే మొనగాణ్ణి. తెలీదంటే..."

ఎతెల్వీనాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల రహస్యం వెనక ఏమీ లేదు! అంతలోనే, కళ్లద్దాలు మరిచిపోయానంటూ ఆయన తనచేత చదివించుకున్న కాగితాలన్నీ గుర్తొచ్చాయి. ఎన్ని కాగితాలు! ఒక్కసారైనా అనుమానం రాలేదే అని తన మీద తనకే సిగ్గేసింది.

తలుపు తీసి అరుగు మీదికి వచ్చేసరికి ఫోను మోగింది. పక్కనే డొమినో ఆడుతున్న నలుగురూ తలెత్తారు.

"పేరు దొరికిందా మేడమ్?" అంది బొగొతా కంపెనీ అమ్మాయి.

"లేదమ్మా."

"అసలు ఆయనకి తెలుసంటారా?"

ఎతెల్వీనా గుమ్మంలోకి చూసింది. తోరిబియో రికార్డును గుండెకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

"తెలుసు," అంది ఆమె గట్టిగా. "చెప్పనంటున్నాడు."

"అయితే మేం వేరేవాళ్లని చూసుకోవాలి మేడమ్."

"చూసుకోండమ్మా."

లోపలినుంచి తోరిబియో కేక వేశాడు.

"రెండింతలిచ్చినా చెప్పనని చెప్పవే!"

డొమినోవాళ్లు మొనగాడంటే నువ్వే అని బల్ల చరిచారు.

"అదే చెప్పాను బాబాయ్," అంది ఎతెల్వీనా.