నొప్పి తెలియని సూది

ఉరితాడు మాని సూదిమందుతో ప్రాణం తీస్తే ఎలా ఉంటుందని ఢిల్లీలో ఏదో కమిషన్ అభిప్రాయాలు అడుగుతోందని పేపర్లో పడింది. అప్పటినుంచీ రత్నమణి సిస్టరుకు జమ్మలమడుగు బజారులో ప్రశాంతంగా కూరగాయలు కొనుక్కునే యోగం కూడా లేకుండా పోయింది. "సిస్టరమ్మా, నిన్ను ఢిల్లీకి పిలుస్తారంట గదా!" టమోటాలు తూచే జానీబీ మొదలు అందరిదీ అదే పాట. వినీ వినీ ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

తప్పు వాళ్ళది కాదు, ఆమె చేతిది. పులివెందులలో ఐదేళ్ళు, జమ్మలమడుగులో ఇరవై ఆరేళ్ళు నర్సుగా చేసి రిటైరైనా, జనం ఆసుపత్రి దాటుకుని మరీ వచ్చి ఆమె వరండాలో కూర్చునేవాళ్ళు. సూది ఎప్పుడు దిగిందో ఎప్పుడు వచ్చిందో తెలిసేది కాదు. హస్తవాసి అనేవాళ్ళు. ఆ హస్తవాసితోనే ఆమె ముఠా కక్షల్లో రెండు పార్టీల వాళ్ళకూ కట్లు కట్టింది. బాంబుకు వేళ్ళు పోయినవాడు ఒక మంచం మీద, ఆ బాంబు వేసినవాడు పక్క మంచం మీద. మానగానే ఇద్దరూ మళ్ళీ అదే పనికి పోయేవాళ్ళు. తన చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరేనని ఆమె ట్రే విసిరికొట్టిన రోజులూ ఉన్నాయి.

ఒక మంగళవారం పొద్దున ప్రొద్దుటూరు లాయరు ఓబులేసు కాగితం పట్టుకుని దిగాడు. వెనకే మునెమ్మ. వారానికోసారి బలం సూదికి వచ్చే మనిషే. ఆమె కొడుకు నాగన్న, ఓ పార్టీ పెద్దాయన పొమ్మంటే పోయి బాంబులేసి ఇద్దర్ని చంపాడు. ఉరిశిక్ష పడింది. పైకోర్టులో కూడా అదే ఖాయమైంది. పెద్దాయన పేరు కేసులోనే లేదు. ఆయన ఖద్దరు తొడుక్కుని ఓట్లడుగుతున్నాడు. లాయరును పెట్టింది మాత్రం ఆయనే.

"ఉరి బదులు సూదైతే నొప్పుండదని నర్సుగా ఒక సంతకం పెట్టమ్మా, కమిషన్‌కు పంపిస్తాం. పెద్దాయన శానా బాధపడతాండాడు, పిల్లోడు సుఖంగానన్నా పోనీ అని," అన్నాడు ఓబులేసు.

"బాంబు చేతికిచ్చేటప్పుడు యాడ పోయిందప్పా ఆ బాధ?"

"అవన్నీ ఇప్పుడెందుకు? సూదంటే నిద్రపోయినట్టే గదా."

"నీకేం తెలుసు? ఆపరేషన్ గదిలో నిలబడినదాన్ని నేను. నిద్రమందు సరిగ్గా ఎక్కకుండా, ఒళ్ళు కదలనీయని మందు ఎక్కిందనుకో, లోపల నిప్పులు పోసినా మనిషి రెప్ప ఎత్తలేడు. నొప్పి లేకుండేది వానికి గాదు, చూసేవాళ్ళకు. అయినా ఆ సూది ఎవరు పొడుస్తారు? నా మాదిరి దానే గదా! రేపు అదే చేత్తో చంటిబిడ్డకు టీకా ఎయ్యాల్నా?"

ఆలోచించుకోమని కాగితం బల్ల మీద పెట్టి, బస్సుకు టైమైందంటూ ఓబులేసు జారుకున్నాడు. మునెమ్మ మాత్రం కదల్లేదు.

"పెట్టు సిస్టరమ్మా. ఆ తాడు తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. వానికి చిన్నప్పుడు టీకా ఏసింది నువ్వే. నగుతానే ఉన్న్యాడు. సర్కారోళ్ళు సూదికి ఒప్పుకుంటే నువ్వే పోయి ఎయ్యమ్మా. నీ చేతిలో అయితే వానికి తెలీదు."

ప్రభువా, ఈ తల్లికి ఏం చెప్పేది? రత్నమణికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏదీ పైకి రానీయక, "ముందు నీ సూది ఏయించుకుందువు, రా," అని కసిరింది.

మునెమ్మ చెయ్యి ముందుకు పెట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి రత్నమణి చెయ్యి తప్పింది. సూది పక్కకు పోయి రక్తం వచ్చింది. బయటికి తీసి మళ్ళీ పొడవాల్సి వచ్చింది. మునెమ్మ కొంగు పళ్ళతో బిగబట్టింది.

"నొప్పి పుట్టిందా?"

"లేదమ్మా."

"మే, కండ్లల్లో నీళ్ళు కారుతాండాయి గదా!"

"నొప్పంటే నువ్వు బాధపడతావని."

"నొప్పయితే నొప్పని చెప్పి చావరేమే మీరు!" అని అరిచి, రత్నమణి కాగితం లాక్కుంది. నొప్పి ఉండదన్న అచ్చు వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. కింద నాలుగు ముక్కలు బరికి సంతకం పెట్టింది.

చదువు రాని మునెమ్మ ఆశగా తొంగి చూసింది. "నొప్పుండదని రాసినావా అమ్మా?"

"లేదు. తాడూ వద్దు, సూదీ వద్దు. పిల్లోన్ని చంపకుండా జైల్లోనే బతకనీయండని రాసినా."

మునెమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళలో లాయరు గానీ పెద్దాయన గానీ ఆమెతో ఆ మాట అనలేదు.

"అట్ల గూడా అడగొచ్చునా సిస్టరమ్మా?" అంది.